సభలోని ప్రశ్నకు సమాధానము

రాజ్యవ్యవహారములు మగవారి పని, మనకేల యని పలికెడు సోదరీమణులు నేటికిని గలరు. వారికొక్క సంగతి జ్ఞప్తి చేయుదుము. భారతమున సభాపర్వమునందు ద్రౌపది పెట్టినది కన్నీటి మొర మాత్రమే కాదు, అది న్యాయప్రశ్న. తన్ను తానే యోడిన వానికి నన్ను పణముగా నొడ్డు నధికార మెక్కడిదని యామె యడిగెను. భీష్ముడంతటి వాడు ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను. విదురుడు, వికర్ణుడు తప్ప తక్కిన పెద్దలు తలలు వంచుకొనిరి. ఆ సభలో సింహాసన మున్నది, శాస్త్రజ్ఞులున్నారు. అడిగినవారికి సమాధానము చెప్పితీరవలెనను కట్టుబాటు మాత్రము లేదు. ఆ కట్టుబాటునకే నేడు మనము రాజ్యాంగమని పేరు పెట్టుకొంటిమి.

దానిని వ్రాయుట యొక యెత్తు. తహసీలు కచేరి గడపవరకు దెచ్చుట మఱియొక యెత్తు.

మనవారి సాహసమును ముందుగా చెప్పవలెను. రాజ్యాంగమును రచించిన సభలో పదునైదుగురు స్త్రీలుండిరి. మన రాజమహేంద్రవరపు దుర్గాబాయమ్మగారు వారిలో నొకరు. 1950 జనవరి 26న అది యమలులోనికి వచ్చెను. 1951 జనాభా లెక్కల ప్రకారము దేశమున చదువ నేర్చిన స్త్రీలు నూటికి తొమ్మండుగురైనను లేరు. ఇంగ్లండు స్త్రీలు పురుషులతో సమానముగా వోటు పడయుటకు 1928 వరకును, స్విట్జర్లాండు స్త్రీలు జాతీయ యెన్నికలలో వోటు పడయుటకు 1971 వరకును వేచియుండవలసివచ్చెను. మన పెద్దలు చదువు చూడక, ఆస్తి చూడక, వయస్సు వచ్చిన వారందఱికి నొక్కసారిగా నిచ్చిరి.

పరపాలన విడిచిన దేశము లన్నింటను ఈ మొక్క నిలువలేదు. పాకిస్తాను 1956లో చేసికొన్న రాజ్యాంగము 1958లో సైనికశాసనమునకు లోబడి రద్దయ్యెను. 1957లో స్వతంత్రమైన ఘానా 1964 నాటికి ఏకపక్ష రాజ్యమయ్యెను. మనకును 1975 మొదలు 1977 వరకు అత్యవసర పరిస్థితి తప్పలేదు. ఆ పాలకులను దింపినది ప్రజల వోటే.

ఇక మా ప్రాంతపు మాట. అబ్దుల్లాపూర్‌మెట్ హైదరాబాదునకు తూర్పున విజయవాడ రహదారిమీద నున్నది. పట్నము చుట్టునున్న అత్రాఫ్ బల్దా జిల్లా పూర్వము నిజాము ప్రభువుయొక్క స్వంతపు సర్ఫేఖాసు. 1948 సెప్టెంబరున హైదరాబాదు రాజ్యము భారతదేశమున గలిసెను. మఱుసటి సంవత్సరమే సర్ఫేఖాసు ప్రభుత్వపరమయ్యెను, జాగీరులు రద్దయ్యెను. 1951 అక్టోబరున తెలంగాణ సాయుధపోరాటము విరమింపబడెను. తుపాకి పట్టిన పక్షమే 1952 ఎన్నికలలో వోటడిగెను. రావి నారాయణరెడ్డిగారు నల్లగొండ నుండి లోకసభకును, ఆరుట్ల కమలాదేవిగారు ఆలేరు నుండి శాసనసభకును ఎన్నికైరి. ఇంత మాఱినను పట్టా, పహాణీ, తహసీలు అను మాటలు పాతవే. వానిని వ్రాయు కలముయొక్క దర్పమును కొంతవఱకు పాతదే.

2019 నవంబరు 4వ తేదీన మా మండల కచేరిలో జరిగిన ఘోరము చదువరు లెఱుగుదురు. తహసీల్దారు విజయారెడ్డిగారిమీద ఒక పురుషుడు పెట్రోలు పోసి నిప్పంటించెను. ఆమె అచ్చటనే ప్రాణము విడిచిరి. రక్షింపబోయిన ఆమె వాహనచోదకుడును, నిప్పు పెట్టినవాడును ఆ కాలిన గాయములతోనే మరణించిరి. భూమి తగవే కారణమని పోలీసులు తెలిపిరి. ఏ తగవైనను ఈ పాపమునకు సాకు కాజాలదు. కుర్చీలో కూర్చున్న వ్యక్తిని కాల్చినంత మాత్రమున కాగితము తీరదు. ఇద్దఱు బిడ్డలో ముగ్గురు బిడ్డలో తల్లిలేని వారగుదురు, అంతియే. కాని యొక దుఃఖము తీరిన పిమ్మట ఆలోచింపవలసిన దొకటి యున్నది. పట్నము పెరిగి భూమికి బంగారపు వెల వచ్చినది. ఆ భూమి యెవరిదో చెప్పు దస్తరము మాత్రము చిక్కుముడిగానే యున్నది. ప్రశ్నకు సకాలమున, సకారణముగ సమాధానము చెప్పు త్రోవ లేనిచోట దళారియు, దౌర్జన్యమును ప్రవేశించును.

ప్రభుత్వము త్రోవలు వెదకకపోలేదు. 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల పదవులు తీసివేసిరి. ఆ యేటనే ధరణి యను కంప్యూటరు దస్తరము నెలకొల్పిరి. పని వేగిరమైనది నిజమే. కాని అందులో తప్పు పడినచో పై యధికారికి చెప్పుకొను మార్గము సన్నగిలి, పలువురు సివిలు కోర్టుల మెట్లెక్కవలసివచ్చెను. 2025లో వచ్చిన భూభారతి చట్టము అప్పీలు హక్కును తిరిగి కల్పించినది. దీనివలన తేలిన నీతి యేమన, యంత్రము లెక్క చూపునే గాని న్యాయము చెప్పదు. కారణము వ్రాసి చెప్పువాడును, అది తప్పైనచో దిద్దువాడును ఉండవలెను.

ఇందు మన పాలెంత? మొదటి సార్వత్రిక ఎన్నికలనాడు సుమారు 28 లక్షల స్త్రీల పేరులు వోటర్ల పట్టికనుండి తొలగింపబడెను. వారు తమ పేరు చెప్పక, ఫలానావారి భార్య, ఫలానావారి కుమార్తె యని మాత్రమే వ్రాయించుకొనిరి. ఈనాడు వోటర్ల పట్టికలో మన పేరున్నది. పట్టాదారు పుస్తకమున నున్నదా? బడిపంతులుగారి యిల్లని మా యింటికి కాగితములు చదివించుకొనుటకు వచ్చువా రనేకులు. నాటు వేసినదియు, కలుపు తీసినదియు ఇల్లాలే యైనను, పుస్తకమున ఆమె పేరు కనబడుట మాకు అరుదు.

చట్టము లేదనుకొనరాదు. ఆంధ్రప్రదేశమున హిందూ కుటుంబముల కుమార్తెలకు పిత్రార్జితమున సమానభాగ మిచ్చు సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి యమలైనది. అప్పటికి వివాహమైన వారికది వర్తింపలేదు. 2005లో దేశమంతటికిని ఆ హక్కు వచ్చినది, వివాహిత యను భేదమును పోయినది. అడిగినచో పుట్టినిల్లు దూరమగునని మనవారు భయపడుదురు. ఆ భయము తేలికైనది కాదని మే మెఱుగుదుము. పండుగనాటి చీరయు, అన్నదమ్ముల పిలుపును విలువగలవే. అయినను తన పేర వ్రాయబడిన దానిని సోదరునకు ప్రేమతో విడుచుట త్యాగము. పేరే వ్రాయకుండ సంతకము పెట్టించుకొనుట త్యాగము కాదు.

గ్రామపంచాయతులలోను ఇట్లే. 1993లో అమలైన 73వ సవరణ స్త్రీలకు మూడవవంతు స్థానము లిచ్చెను. తెలంగాణ 2018 చట్టము సగ మిచ్చినది. సర్పంచి పేరు భార్యది, కుర్చీ భర్తది యైనచోట ఆ సగము కాగితముననే నిలిచిపోవును.

కావున సోదరీమణులారా, ఇంటిలోని పట్టా పుస్తకమును ఒకసారి మీ చేతులతో తెఱచి చదువుడు. పేరు తప్పైనచో అర్జీ పెట్టి, రసీదు పుచ్చుకొనుడు. సమాధానము రాకున్నచో 2005 నాటి సమాచారహక్కు చట్టము ప్రకారము అడుగుడు. సాధారణముగ ముప్పది దినములలో బదులీయవలసియున్నది. గ్రామసభకు పోయి కూర్చుండుడు. అడుగుట అవినయము కాదు. ఆ నిండుసభలో ద్రౌపది ప్రశ్నకు బదులు లేకపోయినందున కురువంశమునకు వచ్చిన చేటు మనకు తెలియనిది కాదుగదా!