"బాలు ఎవరి దగ్గర నేర్చుకున్నాడు?"

పిల్లలకు సంగీతం చెప్పించాలనుకునే మా నెల్లూరు తల్లిదండ్రుల నోట తరచుగా వినిపించే వాదం ఒకటుంది. బాలు ఏ గురువు దగ్గర నేర్చుకున్నాడు గనుక? సరళీస్వరాలతో కాలయాపన దేనికి? నాలుగు పాటలు నేర్పి టీవీ పోటీకి పంపే మాస్టారు చాలదా? వినసొంపైన వాదమే గాని, నిలిచేది కాదు.

బాలసుబ్రహ్మణ్యంగారు శాస్త్రీయ సంగీతాన్ని పద్ధతిగా అభ్యసించలేదన్నది నిజం. ఆ మాట ఆయన ఏనాడూ దాచలేదు. కానీ తండ్రి సాంబమూర్తిగారు హరికథా విద్వాంసులు. ఆ ఇంట పెరిగిన చెవికీ, సెల్‌ఫోన్ పాటలతో పెరుగుతున్న చెవికీ తేడా లేదా? 1980లో వచ్చిన 'శంకరాభరణం' పాటలకు ఆయన జంకితే, మహదేవన్ సహాయకులు పుహళేంది దగ్గరుండి నేర్పారు. అంతటి గాయకుడు కూర్చుని నేర్చుకున్న చోట, మన పిల్లలకు మాత్రం గురువు అక్కర్లేదా?

శాస్త్రీయం చెబితే సినిమా పాట రాదనేవారు ఘంటసాలను తలచుకోవాలి. విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యరికం ఆయన సినిమా పాటకు అడ్డొచ్చిందా, అండగా నిలిచిందా?

గురువును వెదికేటప్పుడు గోడ మీది శాలువా ఫొటోలు చూడకండి. ఒక్క గంట తరగతిలో కూర్చోండి. మగవారి గొంతుకు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర శ్రుతి అనుకూలం. ఆడపిల్లలకు ఐదు, ఐదున్నర. పదిమంది పిల్లల్నీ మాస్టారు తన శ్రుతిలోనే పాడిస్తుంటే లేచి వచ్చేయండి. ప్రతి బిడ్డ చేతా ఒంటరిగా పాడిస్తున్నారా? తప్పిన స్వరం దగ్గర ఆపి సరిదిద్దుతున్నారా? గొంతు బొంగురుపోయిన బిడ్డకు విశ్రాంతి ఇస్తున్నారా? కంఠం మారే వయసులో మగపిల్లవాడికి శ్రుతి దించుతున్నారా? ఈ నాలుగింటికీ అవునని జవాబు వస్తే, ఆయనకు బిరుదు లేకపోయినా నష్టం లేదు.

పోటీలు పాపమని నేననను. 1996లో మొదలైన 'పాడుతా తీయగా'లో బాలుగారు తప్పులు విడమరచి చెప్పేవారు. అయితే పోటీ పరీక్ష మాత్రమే. చదువు చెప్పవలసింది బడిలో.

అల్లూరు నుంచో, మైపాడు నుంచో బిడ్డను బస్సెక్కించుకుని వచ్చే తల్లికి ప్రతి రూపాయీ, ప్రతి సాయంత్రమూ లెక్కే. ఆరు నెలలకు ఆమె చేతికి అరువు పాటలు నాలుగు, అరిగిన గొంతు ఒకటి అప్పగించే చోటును సంగీత పాఠశాల అనడానికి నా నోరు రాదు.