మనవాళ్ల పనికీ కాగితం ఉండాలి



మొన్న సంఘం మీటింగులో ఒక పెద్దాయన మమ్మల్ని పట్టుకుని అడిగారు: "మీ దగ్గరికి కార్డు వేయించుకోడానికి వస్తే ముందు ఫారం నింపమంటారట. మనవాళ్లకు కూడానా?" అక్కడ నవ్వి ఊరుకున్నాం. జవాబు ఇక్కడ రాస్తున్నాం.

బెంగళూరులో మా అన్నదమ్ములిద్దరం నడిపే డిజైన్ ఆఫీసులో ఉండేది మొత్తం 5 మంది. శుభలేఖలు, సావనీర్లు, షాపు బోర్డులు, స్వీటు డబ్బాలు మా పని. మొదటి మూడేళ్లు పద్ధతంటూ లేదు. ఫోనులో ఎవరేం చెబితే అది చేసేవాళ్లం.

మాకు బుద్ధి చెప్పింది ఒక శుభలేఖ. తెలుగు అక్షరాలను అవుట్‌లైన్లుగా మార్చకుండానే ఫైలు ప్రెస్సుకు పంపాం. అక్కడి కంప్యూటర్లో ఆ ఫాంటు లేదు. ఒత్తులన్నీ విడిపోయి అచ్చయ్యాయి. ప్రెస్సు కుర్రాడు కన్నడం చదువుతాడు గానీ తెలుగు చదవలేడు, అక్షరాలు ఒకేలా కనిపించేసరికి తేడా పట్టలేకపోయాడు. 800 కార్డులు మా ఖర్చుతో మళ్లీ వేయించాం. తప్పు మాది. పనితనం ఉంది, పద్ధతి లేదు.

ఆ తర్వాత పెట్టుకున్న నియమాలు ఇవి.

పని మొదలుపెట్టే ముందు ఒక పేజీ రాసుకుంటాం: సైజు, కాపీలు, భాషలు, గడువు, చివరి మాట ఎవరిది. ఆఖరిదే అన్నిటికన్నా ముఖ్యం. పెళ్లికొడుకు నాన్న ఎరుపంటారు, మేనత్త పసుపంటుంది, మధ్యలో మేం నలిగిపోతాం.

సగం డబ్బు ముందు తీసుకుంటాం. రెండుసార్లు దిద్దడం ధరలోనే ఉంటుంది, మూడోసారికి వేరే లెక్క.

ఫైలు పేరులో తేదీ, వెర్షన్ నంబరు తప్పనిసరి. 'ఫైనల్', 'కొత్త ఫైనల్', 'అసలు ఫైనల్' అనే రోజులు పోయాయి.

ప్రెస్సుకు వెళ్లే ముందు చీటీలో ఒక్కొక్కటీ టిక్కు పెడతాం: చుట్టూ 3 మి.మీ. బ్లీడ్, ఫోటోలు 300 డీపీఐ, రంగులు సీఎంవైకే, అక్షరాలు అవుట్‌లైన్. డిజైన్ చేసిన మనిషి కాకుండా తెలుగు వచ్చిన ఇంకొకరు చదవాలి. ప్రూఫు మీద ఇంటివారి సంతకం పడాలి.

శుక్రవారం సాయంత్రం బాకీల పుస్తకం తీస్తాం. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న మాలాంటి చిన్న సంస్థకు, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, కంపెనీలు ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి డబ్బు ఆపకూడదు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఈ మాట బిల్లు కిందే వేస్తాం. కంపెనీలకు చట్టం గుర్తుచేయొచ్చు. బావకు, మామయ్యకు ఏం గుర్తుచేస్తాం?

అసలు చిక్కు అక్కడే ఉంది. "మనవాడే కదా" అన్న మాటలో ఎంత ప్రేమ ఉందో అంత బరువూ ఉంది. మాకన్నా మంచి చెయ్యి ఉన్న కుర్రాడొకడు మనలోనే ఉండేవాడు. అందరి పనీ వరసలు పిలుచుకుంటూ చేశాడు. ఎవర్నీ డబ్బు అడగలేకపోయాడు. అద్దె కట్టలేక షాపు మూసేసి ఉద్యోగానికి పోయాడు. వాణ్ణి ముంచింది పరాయివాళ్లు కాదు, మనమే.

కాగితం పెడితే బంధుత్వం చెడుతుందంటారు. మేం చూసినంతలో కాగితం లేనిచోటే మాటలు పడిపోయాయి. ఊరికే చేసిపెట్టాలనిపిస్తే మేమూ చేస్తాం. కాకపోతే బిల్లు మీద పూర్తి ధర రాసి, కింద 'ఉచితం' అని రాస్తాం. ఎంత ఇచ్చామో ఇద్దరికీ తెలుస్తుంది.

ఇక మన సంఘం సంగతి. పోయిన ఉగాది సావనీరుకు కమిటీలో ముగ్గురు మూడు రకాల దిద్దుబాట్లు పంపారు. డబ్బు దసరా దాటాక వచ్చింది. ఎవరినీ నిష్ఠూరమాడటం లేదు, మేమూ ఆ కమిటీలోనే ఉన్నాం. ఈసారి సావనీరు ఎవరికి ఇచ్చినా సరే, మాకే ఇవ్వాలని లేదు, సంఘం తరఫున మాట్లాడే మనిషి ఒక్కరే ఉండాలి, సగం డబ్బు ముందే ఇవ్వాలి. వచ్చే మీటింగులో ఈ రెండు మాటలూ తీర్మానంగా పెడతాం. ఆ పెద్దాయనే బలపరిస్తే మాకు ఇంకా సంతోషం.