అమ్మకూ ఉంటాయి లోపాలు

మంచి ఇల్లాలు, వివేకం గల తల్లి. మెయిజీ కాలం నుంచీ జపాన్ ఆడపిల్లలకు నూరిపోసిన ఆదర్శమిది. దాన్ని నవ్వుతూనే పక్కకు నెట్టిన ఘనత దినపత్రికల్లోని బొమ్మల కథలది. మచికో హసెగవా 1946లో మొదలుపెట్టిన ‘సజయే-సాన్’లో ఇల్లాలికి తొందరపాటెక్కువ. ఎయికో కెరా 1994 నుంచి 2012 దాకా యొమియురి పత్రికలో గీసిన ‘అతషిన్‌చి’లో అమ్మ పరమ పిసినారి. పదిమందిలో పిల్లల పరువు తీయడంలో దిట్ట. హంగామా చానల్ పుణ్యమా అని ఆమె మన పిల్లలకూ తెలుసు.

రియెకో సైబారా ఇంకో అడుగు ముందుకేశారు. మైనిచి పత్రికలో 2002లో మొదలైన ‘మైనిచి కాసన్’, అంటే రోజువారీ అమ్మ, ఆమె సొంతింటి కథే. చిందరవందర ఇల్లు, మాట వినని కొడుకు, యుద్ధరంగాల్లో ఫొటోలు తీసి చివరికి తాగుడుకు బానిసైన భర్త. విడాకులిచ్చినా, అతను మద్యం మానాక మళ్లీ ఇంటికి రానిచ్చారు. 2007లో కేన్సర్ అతన్ని తీసుకుపోయింది. నవ్వించిన గడుల పక్కనే ఆ దుఃఖమూ చేరింది. అలసిన తల్లులకు కావలసింది నీతిబోధ కాదు, తమలాంటి మరో తల్లి. ఈ కథల ఆకర్షణంతా అక్కడే ఉంది.

చిక్కూ అక్కడే. తన లోపాలు చెప్పుకునే హక్కు తల్లిదే. మరి పిల్లల అల్లరిని ఊరందరికీ చూపే హక్కో? బొమ్మలో నవ్వే పసివాడు రేపు పెద్దవుతాడు, చదువుతాడు. 2017లో పిల్లలు ఎదిగారంటూ సైబారా ఆ శీర్షికకు స్వస్తి చెప్పారు. నవ్వు ఆగింది, ప్రశ్న మిగిలింది.