గుడ్డ చుడితే వేడి చస్తుందా?

మాచర్ల రోడ్డు మీద ఈమధ్య ఏ పాత బుల్లెట్ చూసినా బెండు పైపుకు కట్టే. కాలు విరిగినవాడికి కట్టినట్టు, ఇంజిన్ దగ్గర్నుంచి సైలెన్సరు దాకా గోధుమరంగు టేపు. ఎందుకురా అని దుర్గిలో ఒక కుర్రాణ్ణి అడిగితే, "ఆయిల్ పైపు పక్కనే ఉంది కదన్నా, వేడి తగలకుండా. మన పల్నాటి ఎండల్లో తప్పదు" అన్నాడు. ఆ రెండో మాటకే నాకు ఒళ్లు మండింది.

ఏం పాడైనా ఎండ మీదికి తోసెయ్యడం మనకు అలవాటైపోయింది. ట్రాక్టరు డీజిల్ పైపు పగిలినా ఎండే, బ్యాటరీ చచ్చినా ఎండే, గ్యాస్కెట్ పోయినా ఎండే. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల పక్కనే ఉంది గనక సాక్ష్యానికీ కరువు లేదు. సరే, మే నెలలో గాలి 45 డిగ్రీలే అనుకుందాం. ఊటీలో 20 అనుకుందాం. తేడా 25. హెడ్డులోంచి బయటపడే పొగ వేడి మాత్రం వందల డిగ్రీలు. ఆయిల్ పైపుల్లో వాడే మామూలు నైట్రైల్ రబ్బరు 100 దాటి 120 దగ్గర నిలిచిందంటే గట్టిపడి, పెళుసెక్కి, బీటలిస్తుంది. దాన్ని చంపేది రెండంగుళాల దూరంలో ఉన్న బెండు పైపు. ఊటీకి తీసుకెళ్లినా చంపుతుంది. సూర్యుణ్ణి వదిలెయ్యండి, ఆయనకు మిరప కళ్లాల్లో వేరే పనుంది.

ఇక టేపు సంగతి. ఇది పందెం కార్ల నుంచి దిగిన సరుకు. అక్కడ పొగ వేడిగా ఉంటే వేగంగా బయటికి పోతుందని, బానెట్ కింద చల్లగా ఉంటుందని చుడతారు. పందెం అయిపోగానే ఇంజిన్ విప్పి చూసుకునే మెకానిక్కులు వాళ్లకుంటారు. మనవాడు ఒకసారి చుట్టాక మళ్లీ విప్పేది బండి అమ్మేటప్పుడే. ఈలోగా వాన నీళ్లు టేపులో నిలిచి పైపును తుప్పు తినేస్తుంది. బయటికి పోవలసిన వేడిని లోపలే ఆపితే ఆ ఇనుము ఇంకా కాలుతుంది కూడా.

అంతకన్నా పెద్ద గొడవ నూనెది. మద్రాసులో తయారైన పాత బుల్లెట్ పోత ఇనుము ఇంజిన్‌లో రాకర్లకు ఆయిల్ బయటి గొట్టంలోంచే ఎక్కుతుంది, అదీ బెండు పైపు ఉన్న కుడివైపే. ఆ ఇంజిన్ చెమర్చకుండా ఉంటుందని చెప్పేవాణ్ణి నేనింకా చూడలేదు. ఒట్టి పైపు మీద చుక్క పడితే పొగ వస్తుంది, వాసన వస్తుంది, మనిషి బండి ఆపుతాడు. టేపు మీద పడితే గుడ్డ తాగేస్తుంది. నూనె తాగిన గుడ్డను కాలే ఇనుముకు చుట్టి ఊరంతా తిరగడాన్ని రక్షణ అంటారా? ఓడల ఇంజిన్ గదుల్లో 220 డిగ్రీలు దాటే భాగాల మీద నూనె చిమ్మే వీలుంటే వాటిని కప్పి ఉంచాలని, ఆ కప్పులోకి నూనె ఇంకకుండా చూడాలని అంతర్జాతీయ నిబంధనే ఉంది. నడిసముద్రంలో అగ్గి అంటుకుంటే దూకడానికి చోటుండదు గనక వాళ్లకు బుద్ధి ముందే వచ్చింది.

టేపుకు బదులు కొందరు వేయించే మెరిసే స్టీలు అల్లిక ఆయిల్ పైపులూ అంతే. అల్లిక దెబ్బకు ఆగుతుంది గాని వేడికి ఆగదు. లోపల రబ్బరు బీటలిచ్చినా పైకి పెళ్లికొడుకులా కనబడుతుంది. కొన్ని షెడ్లలో ఇప్పటికీ ఆస్బెస్టాస్ తాడు చుడుతున్నారు. దాని పొడి ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ తెస్తుంది. పొద్దస్తమానం రాతిపొడి మధ్య ఉలి పట్టే శిల్పులున్న దుర్గిలో పొడి ఏం చేస్తుందో నేను చెప్పాలా?

మరేం చెయ్యాలి? ఆయిల్ పైపును ముందు బెండు పైపుకు దూరం జరపండి. జరగని చోట మధ్యలో అల్యూమినియం రేకు పెట్టండి, దేనికీ ఆనకుండా, రెండు వైపులా గాలి ఆడేటట్టు. మెరిసే రేకు వేడిని వెనక్కి కొడుతుంది, మిగిలింది గాలి పట్టుకుపోతుంది. ఎంత దూరం, ఎంత మందం అన్నది బండిని బట్టి మేస్త్రీ చూసుకోవాలి. కాని అంతకుముందు టేపు విప్పి, ఆయిల్ గొట్టం మూతుల దగ్గర రాగి వాషర్లు మార్చి, బెండు పైపు మీద చుక్క పడుతోందో లేదో ఒక వారం ఒట్టిగా నడిపి చూడండి.