చిన్న ప్రాణికి ప్రతి చుక్కా లెక్కే

శేషాచలం అడవుల్లోని దేవాంగపిల్లి తూగేది పావుకిలో చుట్టుపక్కలే. కిలోకు 60 నుంచి 70 మిల్లీలీటర్ల చొప్పున చూస్తే దాని ఒంట్లో రక్తం 15–17 మిల్లీలీటర్లకు మించదు. కుక్క కరిచో, బండి తగిలో అందులో ఐదు మిల్లీలీటర్లు పోతే ప్రాణం మీదికి వచ్చినట్టే. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో దీనికి చోటిచ్చాం. గాయపడిన నాడు రక్తం ఎక్కించే ఏర్పాటు కూడా చేస్తేనే ఆ రక్షణకు అర్థం.

జంతువుల రక్తమార్పిడి, రక్తనిధులపై కేంద్ర పశుసంవర్ధక శాఖ 2025లో మార్గదర్శకాలు విడుదల చేసింది. మంచి అడుగు. అయితే అవి ప్రధానంగా పాడిపశువులు, పెంపుడు జంతువుల కోసం. దేవాంగపిల్లి, పరిశోధనశాలల్లోని మార్మోసెట్లనే చిన్న కోతులు, జూలలోని కోతులు వంటి కోతిజాతి జీవుల సంగతి వేరు.

పెద్ద కుక్క ఒకసారికి 450 మిల్లీలీటర్ల దాకా ఇవ్వగలదు. ఆ రక్తాన్ని వారాల తరబడి నిల్వ చేయొచ్చు. 350 గ్రాముల మార్మోసెట్ ఒంట్లో ఉండేదే సుమారు 25 మిల్లీలీటర్లు. అందులో పదో వంతు, అంటే రెండున్నర మిల్లీలీటర్లు తీయడమే భద్రమైన హద్దు. దాత అదే జాతిది కావాలి, ఒక్కటి సరిపోకపోవచ్చు కూడా. మన ఆసుపత్రుల్లో గ్రూపు తేల్చే పద్ధతి కోతులకు నేరుగా పనికిరాదు. రీసస్ వంటి కోతుల ఎర్ర రక్తకణాలపై ఎ, బి గుర్తులు మనకున్నట్టు కనిపించవు. వాటికి ఎదురుతిరిగే ప్రతిరక్షకాలు మాత్రం సీరంలో ఉంటాయి. అందుకే ఎక్కించే ముందు దాత రక్తం సరిపడుతుందో లేదో చూసే క్రాస్ మ్యాచింగ్ తప్పనిసరి. దాతకు క్షయ, కోతులైతే హెర్పిస్-బి వంటి వైరస్ పరీక్షలూ ముందే జరగాలి. కాబట్టి ఈ జీవులకు నిల్వ సీసాల కన్నా పరీక్షలు పూర్తయిన దాతల జాబితా, చిన్న సిరంజితో నెమ్మదిగా రక్తం ఎక్కించగల చేయి ముఖ్యం.

పరిశోధనశాలలపై ఇంకో బాధ్యత ఉంది. పరీక్షల పేరిట పదేపదే తీసే రక్తమే ఆ ప్రాణికి రక్తహీనత తెచ్చిపెట్టగలదు. తీసిన ప్రతి చుక్కనూ దాని బరువుతో సరిచూసి రాస్తే ఎక్కించాల్సిన అవసరమే తగ్గుతుంది.

ఇంత చిన్న ప్రాణికి ఇంత శ్రమా అంటారా? 1940లో లాండ్‌స్టైనర్, వీనర్ వెల్లడించిన ఆర్‌హెచ్ కారకానికి ఆ పేరు రీసస్ కోతి నుంచే వచ్చింది. ఆ జ్ఞానం ఎందరో తల్లులను, పసికందులను కాపాడింది. కోతిజాతికి మనం ఎంతో రుణపడ్డాం.

ఆ రుణం తీర్చడానికి తిరుపతి కన్నా అనువైన చోటు రాష్ట్రంలో లేదు. 1955 నుంచి పశువైద్య కళాశాల, 2005 నుంచి శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, 1987 నుంచి అటవీశాఖ జూపార్కు ఇక్కడే ఉన్నాయి. ఈ సంస్థలు కలిసి కోతిజాతి జీవులకు ప్రత్యేక రక్తమార్పిడి నియమావళి రాయాలి, జాతులవారీగా దాతల రిజిస్టరు తెరవాలి, చిత్తూరు, తిరుపతి జిల్లాల పశువైద్యులకు శిక్షణ ఇవ్వాలి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు. నిర్ణయం తీసుకుంటే ఈ ఏడాదే మొదలుపెట్టొచ్చు.