చూడదగ్గ సినిమా ఏదో తేల్చవలసింది ఎవరు?

పార్లమెంటు గ్రంథాలయ భవనంలో దివంగత స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పేరిట ఒక ఆడిటోరియం ఉంది. 2024 డిసెంబర్ 2 సాయంత్రం ప్రధానమంత్రి నరేంద్ర మోదీ తన మంత్రివర్గ సహచరులతో, ఎన్డీయే ఎంపీలతో కలిసి అక్కడ 'ది సబర్మతి రిపోర్ట్' చూశారు. గోధ్రా రైలు దహనం ఇతివృత్తంగా తీసిన ఆ చిత్రానికి అప్పటికే మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్, గుజరాత్ తదితర రాష్ట్రాలు పన్ను మినహాయింపు ప్రకటించి ఉన్నాయి. ఇంతటి సిఫారసు ఉన్నా ఆ సినిమా ఒక మోస్తరు వసూళ్ల దగ్గరే ఆగిపోయింది. ప్రేక్షకుడు దాన్ని తిరస్కరించలేదు, అలాగని నెత్తిన పెట్టుకోనూ లేదు. టికెట్ కొనే ముందు తన లెక్క తాను వేసుకున్నాడు.

"ఒకసారి చూడొచ్చు", "ఫస్టాఫ్ పర్లేదు, తర్వాత సాగదీశారు", "ఓటీటీలోకి వచ్చాక చూసుకోవచ్చు" అనే ఈ మనిషి విమర్శకుడు కాడు. నెలకో రెండు నెలలకో ఒకసారి ఇంటిల్లిపాదితో థియేటర్‌కు వెళ్లేవాడు. పెట్టిన డబ్బు, పోయిన ఆదివారం గిట్టుబాటయ్యాయా లేదా అన్నదే అతని కొలమానం. ఇటీవలి సంవత్సరాల్లో ఆ చిన్న మాట నిర్భయంగా అనడం అతనికి కష్టమైపోయింది. 'ది కశ్మీర్ ఫైల్స్' నిడివి ఎక్కువైందంటే దేశభక్తిని శంకించేవారు ఒకవైపు, చూసి కన్నీళ్లు పెట్టుకున్నానంటే మతోన్మాదిగా ముద్ర వేసేవారు మరోవైపు. సినిమా ఎలా ఉందన్న ప్రశ్న కాస్తా నువ్వు ఏ పార్టీ అన్న ప్రశ్నగా మారిపోయింది.

ఈ మార్పు దానంతట అది రాలేదు. 2022 మార్చి 11న 'ది కశ్మీర్ ఫైల్స్' విడుదలైంది. నాలుగు రోజులకే బీజేపీ పార్లమెంటరీ పార్టీ సమావేశంలో ప్రధాని దాన్ని ప్రశంసించారు. బీజేపీ పాలిత రాష్ట్రాలు వరసగా పన్ను తీసేశాయి. అస్సాం ప్రభుత్వం ఆ సినిమా చూసేందుకు తన ఉద్యోగులకు అర్ధదినం సెలవు ఇచ్చింది. కశ్మీరీ పండితుల నిర్వాసం నిజం, వారి దుఃఖం నిజం. దశాబ్దాల పాటు ఆ దుఃఖానికి తెరపై తగిన చోటు దక్కలేదన్నదీ నిజమే. ఆ బాధను చూసి చలించిన ప్రేక్షకుణ్ని అమాయకుడిగానో మతోన్మాదిగానో కొట్టిపారేయడం ఉదారవాద మేధావులు చేసిన పెద్ద పొరపాటు. అయితే ఉద్యోగికి సెలవిచ్చి థియేటర్‌కు పంపిన ప్రభుత్వం, చూసి వచ్చాక అతను ఏమనాలో కూడా చెప్పకనే చెప్పింది.

పన్ను మినహాయింపు అనే మాటలో ఎంత బరువుందో ఒకసారి తూచి చూడాలి. వంద రూపాయలు దాటిన టికెట్‌పై జీఎస్టీ 18 శాతం. అందులో రాష్ట్రం వాటా సగం, రాష్ట్రం వదులుకోగలిగిందీ ఆ సగమే. అసలు ధర 250 రూపాయలైన టికెట్ మీద ఇది 22 రూపాయల 50 పైసలు. నలుగురున్న కుటుంబానికి మిగిలేది 90 రూపాయలు. మల్టీప్లెక్స్ విరామంలో పాప్‌కార్న్‌కైనా చాలని ఈ సొమ్ము కోసం ఎవరూ సినిమాకు వెళ్లరు. ఇందులో రాయితీ కన్నా రాజముద్ర ఎక్కువ. 2025లో 'ఛావా'కు పన్ను తీసేయాలని మహారాష్ట్రలో డిమాండ్ వచ్చినప్పుడు ముఖ్యమంత్రి దేవేంద్ర ఫడ్నవీస్ ఒక ఇబ్బందికరమైన సత్యం చెప్పవలసి వచ్చింది. 2017లోనే రాష్ట్రం వినోదపు పన్నును రద్దు చేసింది కాబట్టి తీసేయడానికి పన్నే లేదు!

రాజముద్ర ఉన్నంత మాత్రాన సినిమా ఆడదు. 2022 జూన్‌లో వచ్చిన 'సామ్రాట్ పృథ్వీరాజ్'ను హోంమంత్రి అమిత్ షా, యూపీ ముఖ్యమంత్రి యోగి ఆదిత్యనాథ్ ప్రత్యేక ప్రదర్శనల్లో చూశారు. మూడు రాష్ట్రాలు పన్ను తీసేశాయి. సినిమా మాత్రం నిలబడలేదు. రెండు నెలల తర్వాత 'లాల్ సింగ్ చడ్డా' కుప్పకూలితే అది తమ బహిష్కరణ పిలుపు ఫలితమేనని కొందరు సంబరపడ్డారు. 2023 జనవరిలో 'పఠాన్'పై అంతకు మించిన రభస జరిగింది. మధ్యప్రదేశ్ హోంమంత్రి అంతటి వ్యక్తే నటి ధరించిన కాషాయ దుస్తులపై అభ్యంతరం చెప్పారు. ప్రపంచవ్యాప్తంగా ఆ సినిమా వెయ్యి కోట్లు దాటింది. పిలుపుకు అంత బలమే ఉంటే అయిదు నెలల్లో అది ఎక్కడికి పోయినట్టు? మొదటి సినిమా జనానికి విసుగు పుట్టించింది, రెండోది హుషారెక్కించింది. చాలావరకు కారణం అంతే. అంత మామూలు కారణాన్ని ఒప్పుకోవడం రాజకీయాలకు రుచించదు.

ప్రతిపక్షాలూ ఇదే ఆట ఆడాయి. 2023 మేలో కర్ణాటక ఎన్నికల ప్రచార సభలో ప్రధాని 'ది కేరళ స్టోరీ'ని ప్రస్తావిస్తే, మమతా బెనర్జీ ప్రభుత్వం బెంగాల్‌లో దాన్ని నిషేధించింది. పది రోజుల్లో సుప్రీంకోర్టు ఆ నిషేధంపై స్టే ఇచ్చింది. ముప్పై రెండు వేల మంది మతం మారారన్న అంకెకు ప్రామాణిక ఆధారం లేదని తెరపై ప్రకటన వేయాలనీ అదే విచారణలో తేలింది. ప్రేక్షకుడికి కావలసింది ఆ ప్రకటనే. అంకె అబద్ధమని చెప్పి, చూడాలో వద్దో అతనికే వదిలేస్తే సరిపోయేది. నిషేధం ఆ సినిమాకు అర్హతకు మించిన గౌరవం తెచ్చిపెట్టింది. 2025లో దాని దర్శకుడికి జాతీయ పురస్కారం ఇచ్చి కేంద్రం మిగతా గౌరవమూ పూర్తి చేసింది.

ఇదంతా వృథా కాలక్షేపమైతే నవ్వి ఊరుకోవచ్చు. 2025 ఫిబ్రవరిలో 'ఛావా' వచ్చింది. నెల తిరిగేసరికి, మార్చి 17న, ఔరంగజేబు సమాధి వివాదంపై నాగపూర్‌లో అల్లర్లు చెలరేగాయి. ఆ సినిమా ఔరంగజేబుపై ప్రజల్లో ఆగ్రహాన్ని రగిల్చిందని ఫడ్నవీసే శాసనసభలో అన్నారు. శంభాజీ కథలో ఆగ్రహించదగ్గది లేదని ఎవరూ అనరు. తెలుగులోకి అనువదించిన ఆ సినిమాను ఇక్కడివాళ్లూ చూశారు, విక్కీ కౌశల్ నటన బాగుందన్నారు, ఇళ్లకు వెళ్లారు. అక్కడి వీధిలో మాత్రం ఆ కథ చరిత్రగా కాక నేటి పొరుగువాడిపై ఫిర్యాదుగా చెలామణి అయింది. తెర మీది కోపానికి వీధి చిరునామా ఇచ్చింది సినిమా ఒక్కటే కాదు. దాన్ని వేదికలెక్కి మోసిన నాయకులకూ అందులో వాటా ఉంది.

తెలుగు రాష్ట్రాలు ఈ విద్యలో ఎవరికీ తీసిపోలేదు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పల్లె థియేటర్లలో కనిష్ఠ టికెట్ ధర అయిదు రూపాయలని జీవో ఇచ్చింది. అది పేదవాడి వినోదం కోసమా, ఒక కథానాయకుడి రాజకీయం కోసమా అన్న చర్చలో అసలు సినిమా మాటే మరుగున పడింది. 2024 ఎన్నికల ముందు 'యాత్ర 2', 'రాజధాని ఫైల్స్', 'వ్యూహం' కొద్ది వారాల తేడాతో వచ్చాయి. ఏదీ ఎక్కువ రోజులు నిలవలేదు. తమ నాయకుడికి ఓటేసే అభిమాని కూడా రెండున్నర గంటల విసుగును భరించడని నిర్మాతలకు అర్థమయ్యే ఉంటుంది.

అసలు తీర్పు చెప్పే అవకాశమే దక్కని సినిమాల సంగతి వేరు. 2025 మార్చిలో విడుదలైన మలయాళ చిత్రం 'ఎంపురాన్'లో గుజరాత్ అల్లర్లను తలపించే దృశ్యాలపై దుమారం రేగగానే నిర్మాతలే కోతలు పెట్టుకున్నారు, మోహన్‌లాల్ విచారం ప్రకటించారు. తొలి రోజుల్లో వెళ్లినవారు ఒక సినిమా చూశారు, తర్వాత వెళ్లినవారు ఇంకొకటి చూశారు. సంధ్యా సూరి హిందీలో తీసిన 'సంతోష్'కు ఆ పాటి అదృష్టమూ లేదు. ఒక మహిళా కానిస్టేబుల్ కళ్లతో కులాన్నీ పోలీసు హింసనూ చూపిన ఆ చిత్రం 2024లో కాన్ ఉత్సవానికి వెళ్లింది. బ్రిటన్ దాన్ని తన తరఫున ఆస్కార్‌కు పంపింది. మన సెన్సార్ బోర్డు కోరిన కోతలు కథనే మింగేసేలా ఉండటంతో థియేటర్ విడుదల ఆగిపోయింది. లండన్‌లో టికెట్ కొన్నవాడు దాన్ని చూసి బాగుందనో, బోరు కొట్టిందనో చెప్పగలిగాడు. లక్నోలో టికెట్ కొందామనుకున్నవాడికి కౌంటరే తెరుచుకోలేదు.