హెల్మెట్ వుంటే చాలదా, డాక్టరుగారూ?

ప్రశ్న: మా అబ్బాయికి 29 ఏళ్లు. అమెరికాలో, అట్లాంటా దగ్గర ఉద్యోగం. రెండేళ్లుగా సెలవు రోజుల్లో కారు తీసుకుని పందేల ట్రాకు మీదికి వెళుతున్నాడు. డబ్బు కోసం కాదు, సరదాకి. వద్దంటే వినడు. మొన్న ఫోనులో, కారులో మంచి సీటూ, రెండు భుజాల మీదుగా వచ్చే పెద్ద బెల్టులూ బిగించాననీ, ఇక భయం లేదనీ చెప్పాడు. హెల్మెట్ ముందునుంచీ వుంది. మెడకు కూడా ఏదో పరికరం వుంటుందట. "దాని ఖరీదు ఎక్కువ, ఈ ఏడాది టైర్లు కొనాలి, అది వచ్చే ఏడాది చూద్దాం. నేను వెళ్లే చోట అది తప్పనిసరి కాదులే అమ్మా" అన్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు. అది నిజంగా అవసరమా? లేక అమ్ముకునేవాళ్ల ప్రచారమా?
— ఒక తల్లి, తెనాలి

జవాబు: అవసరమేనమ్మా. భుజాల బెల్టులు బిగించిన రోజునుంచి మరీ అవసరం. కారు పందేల సంగతి నాకు తెలిసింది తక్కువ. ఒక్కటి కూడా కళ్లారా చూసినవాణ్ణి కాను. కాని దెబ్బతిన్న తలలూ, మెడలూ కాజువాలిటీలో చాలా చూశాను.

పెద్దవాళ్ల తల బరువు సుమారు నాలుగున్నర, ఐదు కిలోలు వుంటుంది. హెల్మెట్ ఇంకో కిలోన్నర. మొత్తం ఆరు కిలోల పైమాట. ఈ బరువంతా మోసేది ఏడు చిన్న వెన్నుపూసలు, వాటిని పట్టివుంచే కండరాలు, నరాల్లాంటి గట్టి పట్టీలు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు గోడకు కొట్టుకుని, సెకనులో పదోవంతు కాలంలో ఆగిపోయిందనుకోండి. లోపలి మనిషి మీద సగటున అతని బరువుకు 28 రెట్ల బలం పనిచేస్తుంది. మధ్యలో ఒక్క క్షణం అది 50 రెట్లు కూడా కావచ్చు. ఆ క్షణంలో ఆరు కిలోల తల 300 కిలోల బరువై ముందుకు లాగుతుంది. 75 కిలోల ధాన్యం బస్తాలు నాలుగు మెడకు వేలాడగట్టినట్టు.

మామూలు కారులో ఛాతీ మీదుగా వచ్చే బెల్టు కాస్త సాగుతుంది. మనిషి నడుం దగ్గర ముందుకు వంగుతాడు, ఒక భుజం జారుతుంది, ఎదురుగా గాలి సంచీ విచ్చుకుంటుంది. అందువల్ల ఛాతీ, తల ఇంచుమించు కలిసే, కొంత నెమ్మదిగా ఆగుతాయి. పందెపు బెల్టు అలా కాదు. రెండు భుజాలనూ, తుంటినీ సీటుకు కట్టేస్తుంది. ఛాతీ వున్నచోటనే ఆగిపోతుంది. తల మాత్రం ఆగదు. ఆ లాగుడంతా కపాలం అడుగు ఎముక మీద, అంటే వెన్నుపూసల మీద తల కూర్చునే చోట పడుతుంది. ఆ ఎముక చిట్లితే దాని పక్కనే వున్న రక్తనాళాలు తెగవచ్చు, మెదడు కాండం దెబ్బతినవచ్చు. ఊపిరినీ గుండెనూ నడిపించేది అదే. ఇంత జరిగినా హెల్మెట్ మీద గీత కూడా పడకపోవచ్చు. హెల్మెట్ తలకు తగిలే దెబ్బను ఆపుతుంది గాని, మెడను లాగే బరువును ఆపలేదు. పైగా ఆ బరువుకు తన బరువు కూడా కలుపుతుంది. మీవాడు మంచి బెల్టులు బిగించి సగం పని చేశాడు. మిగిలిన సగం చేయకపోతే మెడకు మునుపటికంటే ప్రమాదం ఎక్కువ.

(ఈ ఎముకే స్కూటరు మీదనుంచి పడ్డవారిలో మరోరకంగా విరుగుతుంది. చెవినుంచి రక్తం, ముక్కునుంచి నీళ్లలాంటి ద్రవం, రెండు కళ్ల చుట్టూ నలుపు దాని గుర్తులు. చాలామంది ఆ చెవిలో దూది కుక్కి ఆసుపత్రికి తెస్తారు. కుక్కకూడదు. శుభ్రమైన గుడ్డ పైన వదులుగా పెట్టి, మెడ కదలకుండా తీసుకురండి.)

మీరడిగిన పరికరం కథ ఇలాంటి చావుతోనే మొదలైంది. 1981లో పాట్రిక్ జాక్మార్ అనే పందెగాడు అమెరికాలోని మిడ్-ఒహాయో ట్రాకులో కారును పరీక్షిస్తూ ఇసుక గట్టుకు కొట్టుకుని చనిపోయాడు. అతని స్నేహితుడు జిమ్ డౌనింగ్ కూడా పందెగాడే, మీ అబ్బాయి వుంటున్న అట్లాంటావాడే. డౌనింగ్ బావ రాబర్ట్ హబ్బర్డ్ మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసరు. కారు ప్రమాదాల్లో ఎముకలకు ఏం జరుగుతుందో పరిశోధించినవాడు. ఇద్దరూ కలిసి తయారుచేసినదే 'హాన్స్'. చాలాకాలం దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఇరుకుగా వుంటుందని కొందరు, అక్కర్లేదని కొందరు. 2001 ఫిబ్రవరి 18న డేటోనా పందెం ఆఖరి చుట్టులో, ఏడుసార్లు ఛాంపియన్ అయిన డేల్ ఎర్న్‌హార్ట్ గోడకు కొట్టుకుని మరణించాడు. కపాలం అడుగు ఎముకే విరిగింది. ఆయన హాన్స్ ధరించలేదు. ఆ ఏడాది అక్టోబరులోనే నాస్కార్ పందేల్లో మెడ రక్షణను తప్పనిసరి చేశారు. 2003లో ఫార్ములా వన్ కూడా చేసింది. ఔత్సాహికుల క్లబ్బుల దాకా ఆ నియమం రావడానికి మరికొన్నేళ్లు పట్టింది. పోటీ కాకుండా సరదాగా ట్రాకు మీద తిరిగే రోజులకు చాలాచోట్ల ఇప్పటికీ లేదు. మీ అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు. కాని నియమం లేదని గోడ మెత్తబడదు కదా!

పరికరం చూడడానికి చిన్న కాడిలా వుంటుంది. మెడ వెనకనుంచి భుజాల మీదుగా వచ్చి రెండు చేతులు ఛాతీ మీదికి దిగుతాయి. వాటిమీద బెల్టులు బిగుస్తాయి. వెనక భాగంనుంచి రెండు పట్టీలు హెల్మెట్‌కు ఇరువైపులా తగులుకుంటాయి. తల ముందుకు విసిరినపుడు ఆ లాగుడు మెడ మీద కాక, పట్టీల ద్వారా కాడికీ, కాడినుంచి భుజాలకూ ఛాతీకీ పోతుంది. తల అటూ ఇటూ తిప్పుకోవడానికి వీలుంటుంది. మెడ నొప్పికి మేము వేసే మెత్తటి కాలరు వేరు, ఇది వేరు. ఆ కాలరు ఈ పనికి బొత్తిగా పనికిరాదు.

ఖరీదు సంగతి. సాధారణ రకాలు కొన్ని వందల డాలర్లు. కార్బన్ ఫైబర్‌తో చేసిన తేలికవి వెయ్యి దాటుతాయి. ఔత్సాహికుడికి తక్కువ ఖరీదుదైనా చాలు. పరీక్షలో నెగ్గినట్టు ఎస్.ఎఫ్.ఐ. 38.1 గాని, ఎఫ్.ఐ.ఎ. 8858 గాని ముద్ర వుండాలి, అంతే. ఎక్కువ డబ్బు పెట్టి కొనేది ముఖ్యంగా బరువు తగ్గడాన్ని. పందెపు టైర్లు కొన్ని వారాంతాలకే అరిగిపోతాయి. ఇది ఏళ్ల తరబడి వుంటుంది. ఎస్.ఎఫ్.ఐ. ముద్రవాటిని ఐదేళ్లకోసారి తిరిగి తనిఖీ చేయించుకోవాలి. ఎవరో వాడి, ప్రమాదంలో పడిందేమో తెలియనిదాన్ని చవగ్గా వచ్చిందని కొనవద్దనండి. అందులో ఆదా చేసిన డబ్బు నాలాంటివాడి గదిలో ఒక్క రోజుకు సరిపోదు.

అయితే ఇది తాయెత్తు కాదు. ఎదురునుంచి, కొంత ఏటవాలుగా వచ్చే దెబ్బలకే బాగా పనిచేస్తుంది. నేరుగా పక్కనుంచి తగిలినపుడు తలను ఆపవలసింది సీటుకు రెండువైపులా వుండే రెక్కలు. బెల్టులు వదులుగా వుంటే కాడి భుజాలమీదనుంచి జారిపోతుంది. తొడల మధ్యనుంచి వచ్చే పట్టీ లేకపోతే, నడుం బెల్టు పైకి జరిగి కడుపులోకి దిగుతుంది. అలా పేగులు చిట్లిన కేసులు మాకు కొత్త కాదు.

కాబట్టి ఈసారి ఫోను చేసినపుడు ఇవి అడగండి. మీ బెల్టులకు తొడల మధ్య పట్టీ వుందా? హెల్మెట్‌కు పట్టీలు తగిలించే కొక్కేలు వున్నాయా, లేక బిగించుకోవాలా? సీటు వాలుకు తగిన కాడి ఏదో దుకాణంలో కూర్చుని చూశావా? వున్నాయంటే వెంటనే కొనమనండి. కొన్నాక, అది తొడుక్కుని కళ్లు మూసుకుని కారులోనుంచి బయటికి రావడం పదిసార్లు అభ్యాసం చేయమనండి. కొత్తలో అందరూ తడబడేది అక్కడే. టైర్లు వచ్చే ఏడాదికి వాయిదా వేయవచ్చు. పరికరం చేతికొచ్చేదాకా ట్రాకుకు వెళ్లవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారనండి. మీ మాట వినకపోయినా, నా మాట వింటాడేమో చూద్దాం.